ఒంటి పోగు డీఎన్ఏతో జన్యుచికిత్స: రెండు పోగుల దానికంటే మేలేమిటి?

ప్రశ్న (మిర్యాలగూడ): మా అక్క కొడుకుకు హిమోఫీలియా బి (రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఫ్యాక్టర్ 9 ప్రొటీన్ లోపించే జబ్బు) ఉంది. మోకాలు వాచినప్పుడల్లా ఫ్యాక్టర్ 9 ఇంజెక్షన్ కోసం నల్గొండకు తీసుకుపోతుంటాము. ఒంటి పోగు డీఎన్ఏతో జన్యువును పంపితే శరీరం తక్కువగా ఎదురుతిరుగుతుందని చదివాను. ఇది ఎంతవరకు నిజమో తెలిసినవారు వివరించగలరు.

జవాబు (మహబూబ్‌నగర్, జీవశాస్త్ర అధ్యాపకురాలు): చాలావరకు నిజమేనండి. కణద్రవ్యంలో రెండు పోగుల డీఎన్ఏ కనబడితే సీగ్యాస్ అనే ప్రొటీన్ దానిని వైరస్ చొరబాటుగా భావించి, స్టింగ్ అనే మరో ప్రొటీన్ మార్గం ద్వారా ఇంటర్‌ఫెరాన్లను (వైరస్‌పై హెచ్చరించే రసాయనాలను), వాపును రేపుతుంది. ఒంటి పోగు దానిని అంతగా రెచ్చగొట్టదు. అయితే అది కేంద్రకంలోకి చేరి, అక్కడ రెండో పోగు తయారైన తరువాతే జన్యువు పనిచేస్తుంది. నా దృష్టిలో అసలు కష్టం ఇక్కడే ఉంది.

జవాబు (సూర్యాపేట): జన్యువును కణాల్లోకి చేర్చడానికి వాడే ఏఏవీ అనే వైరస్ మోసేది కూడా ఒంటి పోగే, సుమారు 4,700 డీఎన్ఏ అక్షరాల పొడవు. ఫ్యాక్టర్ 9 తయారీకి కావలసిన జన్యుభాగం అందులో ఇముడుతుంది. అమెరికాలో 2022లో అనుమతి పొందిన హిమోఫీలియా బి జన్యుచికిత్స హెమ్‌జెనిక్స్ ఇలాంటిదే, కానీ అది పెద్దలకు మాత్రమే. ఒకసారి ఇచ్చాక ఏఏవీపై యాంటీబాడీలు పుడతాయి కనుక మళ్లీ ఇవ్వడం కష్టం. వైరస్ లేకుండా అతి సూక్ష్మమైన కొవ్వు బిందువుల్లో డీఎన్ఏను పంపాలనే ప్రయత్నం అందుకే.

ప్రశ్న (మిర్యాలగూడ): టీకాల సంగతేమిటండి?

జవాబు (మహబూబ్‌నగర్): 2021లో మన దేశంలో అత్యవసర అనుమతి పొందిన కోవిడ్ టీకా జైకోవ్-డి రెండు పోగుల ప్లాస్మిడ్ (గుండ్రటి డీఎన్ఏ) టీకా, మూడు డోసులు, సూది లేకుండా చర్మంలోకి ఇచ్చేవారు. ఒంటి పోగు టీకాలు ఇంకా పరిశోధన దశలోనే ఉన్నాయి. బాబుకు మాత్రం ఫ్యాక్టర్ ఇంజెక్షన్లు ఆపవద్దు.