అప్‌డేట్: హైదరాబాద్ టోలిచౌకిలో రెండిళ్లలో పిల్లలకి ఏది సేఫ్?

అద్దెకి చూసిన ఈ రెండిళ్ల గురించి ఇక్కడ అడిగితే, పగలు మాత్రమే చూసి అడ్వాన్స్ ఇవ్వొద్దని మీలో కొందరు అన్నారుగా, అందుకే రాత్రి తొమ్మిదిన్నరకి బస్‌స్టాప్ నుంచి గేటు దాకా నడిచి చూశాం. మొదటి ఇంటి సందులో 4 స్తంభాలకి 2 లైట్లే. రెండో ఇంటి వీధిలో కిరాణా కొట్టు తెరిచే ఉంది, మనుషుల అలికిడి ఉంది. నా లెక్కలో వాచ్‌మన్ కన్నా అదే నయం.

2020 అక్టోబరు వానకి టోలిచౌకిలోనే నదీం కాలనీ మునిగింది కదా, అందుకే సెల్లార్ గోడ మీద నీటి చార వెతికాం. కొత్త సున్నం కొట్టేస్తే చార కనపడదు. అప్పుడు కరెంటు మీటరు బోర్డు ఎంత ఎత్తులో బిగించారో చూడండి, మరీ పైన ఉంటే నీళ్లొస్తాయేమో అడగాలి.

రెండోదే ఖాయం. కాకపోతే బాల్కనీ కడ్డీల మధ్య 6 అంగుళాల సందు, 4 దాటకూడదు. పైగా అడ్డ కడ్డీలు, పిల్లలు నిచ్చెనలా ఎక్కేస్తారు. చేరేలోపు నిలువు గ్రిల్, సంపు మూతకి తాళం ఓనరే పెట్టిస్తానన్నారు.