ఇరుకింట్లో ఎయిర్ పిస్టల్ సాధన: ఏం కొనాలి, ఎక్కడ అమర్చాలి?

ప్రశ్న (పర్లాకిమిడి): మా అమ్మాయి తొమ్మిదో తరగతి. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటోంది. శిక్షణకు దూరం వెళ్లాలి కాబట్టి సెలవుల్లోనే కుదురుతోంది. మా ఇల్లు 9 అడుగుల వెడల్పు, 42 అడుగుల పొడవు. అందులో సాధనకు ఏర్పాటు చేయవచ్చా? అమెరికాలో మా బావగారు బల్లకు ప్రెస్సు బిగించి తూటాలు తామే నింపుకుంటారట. అదీ కావాలా?

జవాబు (బరంపురం): ప్రెస్సు అక్కర్లేదండి. పేలిన తూటా తొడుగులో కొత్త ప్రైమరు (మందును అంటించే చిన్న మూత), తుపాకి మందు, గుండు పెట్టి మళ్లీ తూటా చేయడానికి అది. ఎయిర్ పిస్టల్‌లో మందే ఉండదు, గాలి ఒత్తిడికి పెల్లెట్ అనే చిన్న సీసపు గుండు వెళ్తుంది. పైగా లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం ఆయుధ చట్టం, 1959 ప్రకారం నేరం. ఆ ఆలోచనే వద్దు.

మన పాత వరుస ఇళ్లకు వెడల్పు తక్కువైనా పొడవుకు లోటు లేదు. 10 మీటర్లంటే దాదాపు 33 అడుగులు, మీకు సరిపోతుంది. కానీ పిస్టల్ ధరలు చూడకముందే గురి వెనక ఏముందో, మధ్యలోకి ఎవరు రాగలరో చూడండి. గురి వెనక గట్టి గోడ ఉండాలి, పెరటి తలుపు ఉండకూడదు. మధ్యలో తెరుచుకునే ప్రతి తలుపుకూ సాధన సాగినంతసేపు గడియ పడాలి. ‘రావద్దు’ అని చెబితే చాలదు. పొయ్యి మీద పాలు పొంగితే ఆ మాట ఎవరికీ గుర్తుండదు.

పెల్లెట్లు ఆపే పెట్టెను వెల్డింగు దుకాణంలో చేయించండి. 3 మిల్లీమీటర్ల ఇనుప పలకను లోపల 45 డిగ్రీలు ముందుకు వాల్చి బిగిస్తే, పెల్లెట్ కిందికి మళ్లి అడుగున పరిచిన గోనెసంచి మీద పడుతుంది. నిటారు పలకైతే ముక్కలు వెనక్కి ఎగురుతాయి. ఎలా ఉన్నా కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి. గురి కేంద్రం నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తులో ఉండాలి. సీసపు ధూళిని చీపురుతో లేపకండి, తడిగుడ్డతో తుడవండి. సబ్బుతో చేతులు కడుక్కున్నాకే అన్నం.

గాలి నింపే సిలిండరున్న పిస్టల్ కొంటే అందులో గాలి మాత్రమే నింపాలి. వెల్డింగు వాళ్ల ఆక్సిజన్ ఎన్నడూ వద్దు, పేలుతుంది!

ప్రశ్న (రాయగడ): మాది క్వార్టర్సు, గది 6 మీటర్లే. ఇక ఆశ వదులుకోవాల్సిందేనా?

జవాబు (బరంపురం): ఎందుకు వదులుకోవడం? 5 మీటర్ల దూరానికి గురిని సగానికి తగ్గించండి. గురి మధ్యలో 59.5 మిల్లీమీటర్ల వ్యాసమున్న నల్ల వృత్తం దాదాపు 30 అవుతుంది. ఎత్తు కూడా మారుతుంది: పిల్లల కన్ను 1.5 మీటర్ల ఎత్తులో ఉంటే, గురి 1.45 దగ్గర ఉండాలి. అప్పుడే చేయి అదే కోణానికి అలవాటు పడుతుంది. పెల్లెట్ రంధ్రం మాత్రం చిన్నది కాదు కాబట్టి మార్కులు ఎక్కువగా కనిపిస్తాయి. వాటిని అసలు మార్కులతో పోల్చకండి.

పెల్లెట్ లేకుండా తెల్లగోడ ముందు ట్రిగ్గరు నొక్కే సాధనకైతే చోటే అక్కర్లేదు. పోటీ పిస్టళ్లలో చాలావాటికి ఆ సౌకర్యం ఉంటుంది, కొనేముందు అడగండి. స్ప్రింగు పిస్టల్‌ను మాత్రం అలా ఖాళీగా పేల్చకండి, పిస్టన్ దెబ్బతింటుంది.