యాంప్ మారిస్తే సౌండ్ మారుతుందా, జేబే ఖాళీ అవుతుందా?

పానగల్లు కుర్రాడు (నల్లగొండ)
అందరికీ నమస్తే. పన్నెండేళ్లుగా ఒకటే సెట్టు నాది. 25 వాట్ల స్టీరియో యాంప్ (స్పీకర్లను మోగించే యాంప్లిఫయర్), ఒక జత బుక్‌షెల్ఫ్ స్పీకర్లు. స్పీకర్ వెనక 6 ఓమ్‌లు, 86 డీబీ (డెసిబెల్, సౌండు కొలత) అని ఉంది. రూము 12 అడుగులకు 14. కింద తాండూరు బండలు, పైన స్లాబు, ఒక్కటే కిటికీ. రోజూ వినే సౌండులో ఏ ఇబ్బందీ లేదు. ఆదివారం దోస్తులొచ్చి కొంచెం పెంచితే మాత్రం డప్పు దెబ్బ పడ్డ ప్రతిసారీ గరగర. 35 వేలు పక్కన పెట్టాను. యమహా ఏ-ఎస్301 లాంటి 60 వాట్ల యాంప్ చూడాలా, క్లాస్ డీ (కరెంటును వేగంగా ఆన్-ఆఫ్ చేస్తూ నడిచే తేలిక రకం యాంప్) చిన్న డబ్బా చాలా? మా ఇంటామె "పాటలు వినపడుతున్నయి కదా, ఇంకేం కావాలె" అంటోంది. ఆ ఓటు కూడా లెక్కలో వేసుకోండి.

పాత టేపు (మిర్యాలగూడ)
తమ్మీ, యాంప్‌ను బరువు చూసి కొనాలె. లేపితే నడుం పట్టేయాలె. ట్రాన్స్‌ఫార్మర్, పెద్ద కెపాసిటర్లు, హీట్ సింకు, సౌండంతా వాటిలోనే ఉంటుంది. అరచేతిలో పట్టే డబ్బా మీద 300+300 వాట్లని అచ్చేస్తారు. దాంతో ఇచ్చే అడాప్టర్ తిప్పి చూడు, 32 వోల్టులు, 5 ఆంపియర్లు. గుణిస్తే మొత్తం 160. మిగతా 440 వాట్లు ఏ బావిలోంచి తోడుతరు? మన చిన్నప్పుడు టేప్‌రికార్డర్ల మీద పీఎంపీఓ అని వాట్లు ఉబ్బించి చూపే స్టిక్కర్లుండేవి, ఇదీ అదే సంత. 1978లో వచ్చిన నాడ్ 3020 యాంప్ కాగితం మీద 20 వాట్లే. దాన్ని ఇప్పటికీ వెతుక్కుని కొనేవాళ్లున్నారు. నా దగ్గరున్న యాంప్ 22 కిలోలు, ఛానల్‌కు 120 వాట్లు. అమ్మమన్నా అమ్మను.

ఓం సూత్రం (మహబూబ్‌నగర్)
టేపన్నా, అడాప్టర్ లెక్క కరెక్టు. నడుం లెక్కే తప్పు. 25 వాట్ల నుంచి 60కి పోతే పెరిగేది 3.8 డీబీ. చెవికి సౌండు రెట్టింపు అనిపించాలంటే దాదాపు 10 డీబీ కావాలి, అంటే 250 వాట్లు. మా తమ్ముడు 35 వేలు పెట్టి కొనబోయేది ఆ 3.8 మాత్రమే.

ఇంకోటి. మా ఊరు పాలమూరుకు దగ్గర్లోని పల్లె. 24 గంటల కరెంటు వచ్చాక కూడా, మోటార్లన్నీ ఒక్కసారి ఎత్తుకుంటే మా లైనులో వోల్టేజీ 180కి దిగుతుంది. మామూలు ట్రాన్స్‌ఫార్మర్ యాంప్‌లో లోపలి వోల్టేజీ కూడా అదే లెక్కన పడిపోతుంది. 180ని 230తో భాగించి వర్గం చేస్తే 0.61. అప్పుడు మీ 60 వాట్ల యాంప్ 37 వాట్లదే. చిన్న డబ్బా అడాప్టర్‌కు 100 నుంచి 240 దాకా ఎంతొచ్చినా ఒకటే. పాత రకం ఇన్వర్టర్ మీద నడిపితే ట్రాన్స్‌ఫార్మర్ తుమ్మెదలా రొద పెడుతుంది, అది వేరే గోస.

పాత టేపు
మీ ఊళ్లో వోల్టేజీ లేకపోతే స్టెబిలైజర్ పెట్టుకో. దానికి నా యాంప్‌ను ఎందుకంటవ్?

వీణ తీగ (వనపర్తి)
తాండూరు బండలు అని తమ్ముడు మొదట్లోనే రాశాడు, మీ ఇద్దరిలో ఎవరైనా చదివారా? తమ్ముడూ, రూము మధ్యలో నిలబడి ఒక్క చప్పట్లు కొట్టు. చప్పుడు వెనక ‘టింగ్’ అని తోక వస్తే నీ డబ్బులు యాంప్‌కు పెట్టకు. 14 అడుగుల పొడవు గది 40 హెర్ట్జ్ దగ్గర, 12 అడుగుల వెడల్పు 47 దగ్గర తనంతట తనే మోగుతుంది. లక్ష రూపాయల యాంప్ పెట్టినా అక్కడ బేస్ ఉబ్బే ఉంటుంది.

మా ఇంట్లో స్పీకర్ల ఎదుటి గోడకు అమ్మ కుట్టిన బొంత వేలాడదీశాను. పాత చీరలు, నాలుగు పొరలు. పాడేవాళ్ల ‘స’లు, ‘ష’లు చెవిలో గుచ్చుకోవడం ఆ రోజుతో పోయింది. బొంత బేస్‌ను ఆపదు, ఆ మాటా చెప్పాలి. దానికి స్పీకర్లను గోడ నుంచి అడుగున్నర ముందుకు జరిపాను. ఊడ్చేటప్పుడు మా పనామె తిట్టుకుంటుంది.

పాత టేపు
అక్కా, గరగరకు బొంత మందు కాదు కదా. అది యాంప్ ఊపిరాడక పెట్టే కేక.

ఓం సూత్రం
ఈ ఒక్క మాటకు టేపన్నతో ఒప్పుకుంటా. కానీ అది యాంప్ కేకో, వూఫర్ (స్పీకర్లో బేస్ మోగించే పెద్ద కోన్) కేకో ఇక్కడ కూర్చుని ఎట్ల చెప్తాం? కొలుద్దాం. కుర్రాడా, నువ్వు ఎప్పుడూ వినే పాట పెట్టి, ఎప్పుడూ పెంచుకునేంత పెంచు. ఆ చోట గుర్తు పెట్టుకుని, ఇక వాల్యూమ్ గుబ్బ ముట్టుకోకు. పాట ఆపి, అదే ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ తెరిచి 100 హెర్ట్జ్, 25 శాతం స్థాయి పెట్టు. 25 శాతం అంటే పూర్తి స్థాయికి 12 డీబీ తక్కువ. మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల్లో పెట్టి స్పీకర్ టెర్మినళ్ల మీద ఆనించు. రెండు మొనలూ ఒకదానికొకటి తగలనీయకు, యాంప్ పోతుంది. వచ్చిన అంకెను 4తో గుణించి, వర్గం చేసి, నీ స్పీకర్ ఓమ్‌లు 6తో భాగించు. పాటలో అతి పెద్ద దెబ్బకు నీ యాంప్ ఇవ్వాల్సిన వాట్లు అవే.

పానగల్లు కుర్రాడు
కొలిచాను. మోటారు వైండింగ్ చేసే మా బావమరిది మీటర్ తెచ్చాడు. స్పీకర్ వెనక టార్చి పట్టుకుని నేను, మొనలు పట్టుకుని అతను, తలుపు దగ్గర నిలబడి మా ఇంటామె. ‘బూ’ అని టోన్ మొదలుకాగానే పక్కింట్లోంచి "ఏమైందే?" అని కేక.

రోజూ వినే గుర్తు దగ్గర 2.4 వోల్టులు. గుణిస్తే 9.6, వాట్లలో 15.4. అంటే నా 25 చాలు. ఆదివారం గుర్తు దగ్గర 4.1. గుణిస్తే 16.4, వాట్లలో దాదాపు 45. నా యాంప్ దగ్గర అంత లేదు. గరగర ఎక్కడిదో నాకైతే తెలిసిపోయింది. చప్పట్లు కూడా కొట్టాను అక్కా. తోక మీరన్నదానికన్నా పొడుగ్గానే ఉంది.

పాత టేపు
చూశారా! 60 వాట్లది కొనాల్సిందేనని మీ మీటరే చెప్పింది.

ఓం సూత్రం
ఆదివారం రెండు గంటల కోసం కొనాలని చెప్పింది. మిగతా ఆరు రోజులకు ఏం చెప్పలేదు. 45 వాట్లు కావాలంటే చిన్న డబ్బా కూడా ఇస్తుంది, అడాప్టర్ 160 అని మీరే లెక్క కట్టారు కదా. ఊపిరి ఆడుతున్నంత వరకు మంచి యాంప్‌లన్నీ దాదాపు ఒక్కలాగే వినిపిస్తాయని నా వాదన. 1985లో అమెరికాలో బాబ్ కార్వర్ స్టీరియోఫైల్ పత్రికవాళ్లకు సవాలు విసిరి, తన చవక యాంప్‌ను వాళ్లు ఎంచుకున్న ఖరీదైన యాంప్‌లా వినిపించేట్టు చేశాడు. వాళ్లు తేడా పట్టలేకపోయారు.

వీణ తీగ
ఆ కథ సగమే చెప్పారు. దాని కోసం ఆయన తన యాంప్ లోపల విప్పి సర్దాల్సి వచ్చింది. రెండూ మొదటి నుంచి ఒకటే అయితే సర్దడం ఎందుకు? నా పక్షం యాంప్ కాదు, గదే. అయినా కథ చెప్తే మొత్తం చెప్పండి.

ఓం సూత్రం
సరే అక్కా, దొరికిపోయాను. కుర్రాడా, ఎవరి దగ్గరైనా క్లాస్ డీ డబ్బా ఉంటే అడిగి తెచ్చుకో. రెండింటినీ మీటర్‌తో ఒకే వోల్టేజీకి సరిచేసి, చూడకుండా విను. ఏది కొంచెం గట్టిగా మోగితే అదే మంచిదనిపిస్తుంది, చెవి చేసే మోసం అది. ఒక జాగ్రత్త. క్లాస్ డీ డబ్బాల్లో చాలావాటికి మైనస్ తీగ గ్రౌండ్ కాదు. రెండు యాంప్‌ల మైనస్‌లు కలిపి సెలెక్టర్ స్విచ్ పెట్టావంటే చిప్పు కాలుతుంది. ఆపి, తీగలు మార్చి, మళ్లీ ఆన్ చెయ్.

పానగల్లు కుర్రాడు
దోస్తు దగ్గర టీపీఏ3255 అనే చిప్పున్న క్లాస్ డీ డబ్బా దొరికింది. రెండింటికీ 2.4 వోల్టులు పెట్టి మధ్యలో దుప్పటి కట్టాం. బావమరిది తీగలు మార్చాడు, ఏది పెట్టాలో ప్రతిసారీ నాణెం వేసి. పదిసార్లు విన్నాను, ఆరుసార్లు సరిగ్గా చెప్పాను. మొదటి మూడు చెప్పగానే తేడా తెలిసిపోయిందని మీసం తిప్పాను, తర్వాత అన్నీ కలిసిపోయాయి.

ఆదివారం గుర్తు దగ్గర మాత్రం పరీక్షే అక్కర్లేదు. నా పాతది గరగరమంది, డబ్బా అనలేదు. మా ఇంటామె వంటింట్లోంచే చెప్పేసింది, "ఇప్పుడు పగుల్తలేదు" అని.

పాత టేపు
తీగలు మార్చడానికి అర నిమిషం పడితే ముందటి సౌండు ఎవరికి గుర్తుంటుంది? ఇదేం పరీక్ష. ఆరు అంటే గెలిచినట్టే.

ఓం సూత్రం
అన్నా, కళ్లు మూసుకుని నాణెం వేసినా పదిలో ఆరు, అంతకన్నా ఎక్కువ సరిగ్గా వచ్చే అవకాశం మూడో వంతు కన్నా ఎక్కువే. అర నిమిషం మాట నిజమే, ఒప్పుకుంటా. కానీ అర నిమిషంలో మరిచిపోయే తేడాకు 35 వేలా?

వీణ తీగ
తమ్ముడూ, బొంత సంగతి?

పానగల్లు కుర్రాడు
నిన్న కట్టాను అక్కా. అత్తమ్మ బొంత. రెండు మేకులు కొడితే ఒకటి వంగింది. స్పీకర్లు అడుగు ముందుకు జరిగాయి, అంతకన్నా జరిపితే తలుపు పడదు. అప్పటి నుంచి పాడేవాళ్ల గొంతు స్పీకర్లలోంచి కాకుండా రెండింటి మధ్యలోంచి వస్తోంది. ఏ యాంప్ మార్చినా ఇంత తేడా రాలేదు, టేపన్నా ఏమీ అనుకోకండి. చిన్న డబ్బా కొంటున్నాను. మిగిలిన డబ్బులు స్పీకర్లకు ఉంచాను, అవి ఎప్పుడు మార్చాలో వేరే గొడవ పెడతా.

పాత టేపు
మూడు రోజులు ఆగి రాస్తున్నా. మా వాడి మీటర్ తీసుకుని నా దాన్ని కూడా కొలిచిన. నేను గట్టిగా వినే దగ్గర 1.9 వోల్టులు. స్పీకర్లు 8 ఓమ్‌లు. లెక్క మీరే వేసుకోండి, నేను వేయను. యాంప్ మాత్రం అమ్మను.