అప్‌డేట్: హైకోర్టు నిర్దోషి అన్నా మామయ్యకు అద్దె ఇల్లు దొరకట్లేదన్న పోస్టు

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉండే మా మామయ్య సంగతి ఇక్కడే అడిగాను. ఆరేళ్లు జైల్లో ఉన్నాక కటక్ హైకోర్టు శిక్ష కొట్టేసినా, ఎవరూ ఇల్లు అద్దెకివ్వట్లేదని. ఇల్లు దొరికింది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పనికొచ్చింది తీర్పు సర్టిఫైడ్ కాపీ తీసుకోమన్న మాటే. వకీలు ఆరా తీస్తే, పోలీస్ స్టేషన్ రికార్డులో ఆయన ఇంకా శిక్ష పడ్డవాడే! కాపీ జతచేసి అర్జీ పెట్టాం, రెండు నెలలు తిరిగాక సరిచేశారు. అద్దెకు దిగేటప్పుడు జరిగే పోలీస్ వెరిఫికేషన్ టెన్షన్ తీరింది.

జనం మాత్రం కాగితంతో మారలేదు. తీర్పులో ‘బెనిఫిట్ ఆఫ్ డౌట్’ (అనుమానం మిగిలితే నిందితుడికే మేలు) అన్న ముక్క పట్టుకుని, "సాక్ష్యం చాలక వదిలేశారంతే, నిప్పు లేనిదే పొగ రాదుగా" అన్నారు. చివరికి ఇల్లిచ్చిన ముసలావిడ కాపీ తెరవనే లేదు. "నాకు ఇంగ్లీషు రాదు బాబూ. మీ మామయ్య నీసు వండుతాడా?" అని అడిగింది, అంతే.

పరువునష్టం దావా సలహా అక్కర్లేకపోయింది. తప్పుగా జైల్లో పెట్టినందుకు పరిహారం అడగమన్నవాళ్లకు: దానికి ప్రత్యేక చట్టం కావాలని, కేంద్రానికి చట్టాలపై సలహాలిచ్చే లా కమిషన్ 2018లో 277వ నివేదికలో చెప్పింది కానీ, చట్టం రాలేదు. వకీలు వద్దన్నాడు, వదిలేశాం.

వీధిలో బారసాలకి మామయ్యను ఇంకా పిలవట్లేదు.