పాలు మాన్పించిన కుందేలు పిల్లల్లో పారుడు: ముందు మందా, ముందు పరీక్షా?

పరకాల పెంపకందారు:

వానలు మొదలైనప్పటి నుంచి మా షెడ్డులో ఒకే బాధ మళ్లీ మళ్లీ వస్తోంది. న్యూజిలాండ్ వైట్, సోవియట్ చించిల్లా తల్లుల దగ్గర ఉన్నన్నాళ్లు పిల్లలు చక్కగా పెరుగుతున్నాయి. నాలుగు వారాలు నిండగానే వాటిని వేరే కేజ్‌లలోకి మారుస్తున్నాం. ఆ తర్వాత వారం, పది రోజుల్లో కొన్ని పిల్లలు మూలకు ముడుచుకుని కూర్చుంటున్నాయి, పళ్లు కొరుకుతున్నాయి, కడుపు ఉబ్బి, పట్టుకుని కదిపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వస్తోంది, వెనుక భాగమంతా తడిసి అంటుకుపోతోంది. అలా జబ్బు పట్టిన పిల్ల రెండో రోజు దాటడం అరుదు.

కోళ్ల మందుల దుకాణంలో కాక్సీడియా అనే పేగు క్రిమికి ఇచ్చే ఆంప్రోలియం పొడిని, పాలు మాన్పించిన రోజు నుంచే నెలకు ఐదు రోజుల చొప్పున నీళ్లలో కలపమని ఈ వృత్తిలో చాలాకాలంగా ఉన్న వారు చెబుతున్నారు. జబ్బేమిటో తేల్చకుండా మందు పోయడం తప్పని మరికొందరు అంటున్నారు. రెండు మాటలకూ కారణాలు వినాలని ఇక్కడ అడుగుతున్నాను. దాణా సంగతి కూడా చెబుతాను. మక్కపిండి, తవుడు, పల్లిచెక్క కలిపి ఇస్తాం, సాయంత్రం సూపర్ నేపియర్ గడ్డి వేస్తాం.

జమ్మికుంట రైతు:

మీరు చెప్పిన లక్షణాలు వానకాలంలో మా ప్రాంతంలో కుందేళ్లు పెంచే ప్రతి ఒక్కరికీ తెలిసినవే, అది కాక్సీడియా క్రిమి తెచ్చే కాక్సీడియోసిస్. పెద్ద కుందేళ్లలో ఆ క్రిమి ఏ బాధా పెట్టకుండా ఉంటుంది, తల్లి పెంటికల ద్వారా పిల్లలకు చేరుతుంది, పాలు మానిన బలహీన సమయంలో విజృంభిస్తుంది. పరీక్ష చేయించడం మంచిదే, నేను కాదనను. కానీ ఊళ్లో ఉన్న పశువైద్యశాలలో గేదెలకూ గొర్రెలకూ ఉన్నంత అలవాటు కుందేళ్లకు ఉండదు, నమూనా పట్టణానికి పంపి ఫలితం తెలుసుకునేలోపు ఆ ఈత మొత్తం పోతుంది. మందు ఖర్చు ఎంత, పోయిన పిల్లల ఖరీదు ఎంత అని లెక్క వేసుకుంటే ముందే కలపడమే రైతుకు మేలు. పైకి జబ్బు కనిపించకపోయినా ఈ క్రిమి ఉన్న పిల్లలు తిన్నది ఒంటికి పట్టక బరువు పెరగవు, ఆ నష్టం ఏ పరీక్ష కాగితంలోనూ కనిపించదు.

హనుమకొండ పశువైద్యుడు:

జమ్మికుంట రైతు గారు చెప్పిన దానిలో నిజం ఉంది. వానకాలపు తేమలో కాక్సీడియా పిల్లలను నిజంగానే చంపుతుంది. అయితే ఆ పేరు కింద కనీసం నాలుగు వేర్వేరు జబ్బులు నడుస్తున్నాయని, వాటిలో ఆంప్రోలియం పనిచేసేది ఒక్కదాని మీదనే అని అందరూ గమనించాలి.

ముడుచుకుని కూర్చోవడం, పళ్లు కొరకడం, ఉబ్బరం, పారుడు అన్నవి కుందేలు పిల్లకు కడుపు నొప్పి ఉందని మాత్రమే చెబుతాయి. కాక్సీడియాలోని ఐమీరియా జాతి క్రిములు పేగు గోడలను తినేసినా, ఈ.కోలై పెరిగినా, పీచు తక్కువై పిండిపదార్థం ఎక్కువైనప్పుడు క్లాస్ట్రిడియం స్పైరోఫార్మే అనే సూక్ష్మజీవి విషం విడుదల చేసినా, పేగుల్లో జిగురు నిండే మ్యూకాయిడ్ ఎంటరోపతి వచ్చినా పైకి కనిపించే రూపం దాదాపు ఒకటే. 1996 చివర్లో ఫ్రాన్స్‌లో మొదలై యూరప్‌లోని కుందేళ్ల ఫారాలను దెబ్బతీసిన ఎంటరోపతి కూడా సరిగ్గా ఇదే వయసు పిల్లల్లో, ఇవే లక్షణాలతో వచ్చింది. దాని వెనుక ఉన్నది కాక్సీడియా కాదు. కాబట్టి కేజ్ ముందు నిలబడి పేరు చెప్పడం మా వల్ల కూడా కాదు.

తేల్చే మార్గం మీరు అనుకునేంత కష్టమైనది కాదు. మెష్ కింద పడిన పాత పేడ కాకుండా, జబ్బు పిల్లలున్న కేజ్ కింద శుభ్రమైన ప్లాస్టిక్ కాగితం పరిచి ఆ రాత్రి పడిన పెంటికలను పట్టుకురండి. చిటికెడు పేడను ఉప్పు ఇక కరగనంతగా కలిపిన నీటిలో మెత్తగా చేసి, టీ వడకట్టే జాలీతో వడకట్టి, సన్నని గాజు గొట్టంలో అంచు దాకా నింపి, పైన పలుచని గాజు పలక ఆనించి, పావుగంట నుంచి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచుతాం. బరువు తక్కువైన ఊసిస్టులు, అంటే పేడలో బయటికి వచ్చే కాక్సీడియా గుడ్ల వంటివి, పైకి తేలి ఆ పలకకు అంటుకుంటాయి. సూక్ష్మదర్శినిలో అవి రెండు గీతల అంచుతో అండాకారంగా, లోపల గుండ్రని ముద్దతో స్పష్టంగా కనిపిస్తాయి. ఏ పశువైద్యశాలలోనైనా సూక్ష్మదర్శిని, ఉప్పు ఉంటే చాలు.

రెండోది, నా దృష్టిలో అంతకన్నా విలువైనది, చనిపోయిన పిల్లను కోసి చూడడం. ప్రాణం పోయిన కొద్ది గంటల్లోనే తేవాలి. ఈ ఎండకూ ఉక్కకూ పేగులు త్వరగా కుళ్లిపోతాయి. కాలేయం ఉబ్బి, దాని మీద తెల్లటి, పసుపుపచ్చటి చిన్న గడ్డలు ఉంటే అది ఐమీరియా స్టీడే తెచ్చే కాలేయపు కాక్సీడియోసిస్. సీకం, అంటే చిన్నపేగు పెద్దపేగు కలిసే చోట ఉండే పెద్ద సంచి, గోడ మీద రక్తపు చారలు ఉండి లోపల ముదురు రంగు నీళ్లు ఉంటే క్లాస్ట్రిడియం విషం సంగతి చూడాలి. పెద్దపేగు నిండా కోడిగుడ్డు తెల్లసొన వంటి జిగురు ఉండి, సీకంలో గట్టి ముద్ద పేరుకుని, కడుపు నీళ్లతో, గాలితో ఉబ్బి ఉంటే అది మ్యూకాయిడ్ ఎంటరోపతి. ఆ పిల్లకు ఆంప్రోలియం ఎన్ని రోజులు పోసినా లాభం లేదు.

జమ్మికుంట రైతు:

డాక్టర్ గారికి గౌరవంతోనే ఒక అభ్యంతరం చెబుతాను. పేగు కాక్సీడియా ఒంట్లోకి చేరిన తర్వాత పేడలో ఊసిస్టులు కనిపించడానికి 5 నుంచి 10 రోజులు, కాలేయపు రకానికి 14 నుంచి 18 రోజులు పడుతుందని మీ చదువే చెబుతుంది. అంటే పిల్ల ఊసిస్టు విడవకముందే చనిపోవచ్చు, పరీక్షలో ఏమీ లేదని కాగితం రావచ్చు, ఆ కాగితాన్ని నమ్మి రైతు మందు మానేయవచ్చు. అప్పుడు నష్టపోయేది ఎవరు? ఇంకో మాట, ఆరోగ్యంగా ఉన్న కుందేలు పేడలోనూ కొన్ని ఊసిస్టులు ఉంటాయి కదా, మరి కనిపించినంత మాత్రాన జబ్బు అదేనని ఎలా చెబుతారు?

హనుమకొండ పశువైద్యుడు:

రెండు అభ్యంతరాలూ సరైనవే. ఆ కారణం చేతనే నేను పేడ పరీక్ష ఒక్కదాని మీద నిలబడడం లేదు. ఊసిస్టులు ఉన్నాయా లేవా అన్నది సగం సమాచారమే. ఎన్ని ఉన్నాయి, ఏ రకానివి అన్నది మిగతా సగం. ఐమీరియా పర్ఫొరాన్స్ ఉన్న పిల్ల మామూలుగా పెరుగుతుంది, అదే ఐమీరియా ఇంటెస్టినాలిస్, ఐమీరియా ఫ్లావెసెన్స్ అయితే ప్రాణం మీదికి వస్తుంది. ఊసిస్టులు రాకముందే చనిపోయిన పిల్లలో పేగు లోపలి పొరను గీకి చూస్తే క్రిమి ముందు దశలు దొరుకుతాయి. కోసి చూడమని పట్టుబట్టేది ఇందుకే.

నీళ్లలో కలిపే పద్ధతిలో ఇంకో లోపం ఉంది. జబ్బు పిల్ల నీళ్ల దగ్గరికి రాదు. ఆరోగ్యంగా ఉన్నవి తాగుతాయి, ఎవరికి మందు కావాలో వాటికి అందదు. ఎండకాలంలో అదే మోతాదు కలిపిన నీళ్లు రెట్టింపు తాగినప్పుడు మందు కూడా ఎక్కువ పోతుంది. ఆంప్రోలియం, క్రిమికి థయామిన్ (బి1 విటమిన్) అందకుండా చేసి పనిచేస్తుంది, అదీ క్రిమి తొలి దశల్లోనే. పారుడు మొదలయ్యే నాటికి పేగుకు జరగాల్సిన నష్టం చాలావరకు జరిగి ఉంటుంది. కుందేళ్లలో టాల్ట్రజురిల్, కొన్ని సల్ఫా మందులు దీనికన్నా బాగా పనిచేస్తాయి, కానీ అవి బరువు చూసి, మాంసానికి ఎన్ని రోజులు ఆగాలో చెప్పి రాయవలసిన మందులు. కోళ్ల దాణాలో ముందే కలిపి వచ్చే మోనెన్సిన్, నరాసిన్ వంటివి కుందేలుకు విషమే అవుతాయి. అందువల్ల కోళ్ల దాణా బస్తాను కుందేళ్ల షెడ్డులోకి రానివ్వవద్దు.

నర్సంపేట గృహిణి:

మా ఇంట్లో వ్యాపారం కోసం కాకుండా పిల్లల ముచ్చట కోసం కుందేళ్లను పెంచుతున్నాం, అయినా ఈ చర్చలో ఒక విషయం చెప్పకుండా ఉండలేకపోతున్నాను. పిల్ల కుందేలుకు పారుడు పట్టినప్పుడు మందుల దుకాణంలో అడిగితే, చిన్నపిల్లలకు ఇచ్చే అమాక్సిసిలిన్ సిరప్‌ను చుక్కలుగా పోయమన్నారు. పోసిన తర్వాత పారుడు ఎక్కువై ఆ పిల్ల చనిపోయింది. కుందేలుకు నోటి ద్వారా అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, లింకోమైసిన్, క్లిండమైసిన్ ఇవ్వకూడదని, అవి సీకంలో ఉండవలసిన మంచి సూక్ష్మజీవులను చంపి క్లాస్ట్రిడియాకు చోటిస్తాయని తర్వాత పశువైద్యుల ద్వారా తెలిసింది. దీన్ని పెద్ద అక్షరాలతో రాసి ప్రతి దుకాణంలో పెట్టాలని నా కోరిక.

పచ్చగడ్డి వల్లే పారుడు వస్తుందని, పూర్తిగా ఆపేయాలని మా వైపు అందరూ అంటారు. అది నిజమేనా?

హనుమకొండ పశువైద్యుడు:

అమ్మా, మీరు రాసిన హెచ్చరిక ఈ చర్చలో అన్నింటికన్నా ముఖ్యమైనది. గడ్డి విషయానికి వస్తే, గడ్డి శత్రువు కాదు. కోసి కుప్ప పోయగా వేడెక్కి పులిసిన గడ్డి, పత్తి చేను గట్ల మీద పురుగుమందు పడిన గడ్డి, కుందేళ్ల ఎరువు చల్లిన మడిలో నేలకు ఆనుకుని కోసిన గడ్డి ప్రమాదం. అలవాటు లేని పిల్లకు ఒక్కసారిగా కడుపునిండా వేసినా ప్రమాదమే.

పరకాల పెంపకందారు గారి ప్రశ్నకు అసలు జవాబు దాణాలో ఉందని నాకు మొదటి నుంచీ అనుమానం. పాలు తాగే పిల్ల కడుపులో ఆమ్లం తక్కువ, పీహెచ్ 5 నుంచి 6.5 వరకు ఉంటుంది. సూక్ష్మజీవుల నుంచి దాన్ని కాపాడేది ప్రధానంగా తల్లి పాల నుంచి తయారయ్యే కొవ్వు ఆమ్లాలే. పెద్ద కుందేలు కడుపులో పీహెచ్ 1 నుంచి 2. నాలుగో వారంలో పాలు మాన్పిస్తే పాల రక్షణ ఆ రోజే పోతుంది, ఆమ్లపు రక్షణ ఇంకా రాదు. ఆ వయసులో పిండిపదార్థాన్ని అరిగించే శక్తి కూడా పూర్తిగా రాదు కాబట్టి మీరు పెట్టే మక్కపిండిలో కొంత అరగకుండా సీకంలోకి దిగి, క్లాస్ట్రిడియాకు ఆహారమవుతుంది. దానికి తోడు మీ దాణాలో పొడవాటి పీచు ఎక్కడా కనిపించడం లేదు. సాయంత్రం ఒక్కపూట వేసే లేత నేపియర్‌లో నీరే ఎక్కువ. కుందేలు పేగులు కదలాలంటే ఎండు పీచు కావాలి, దాణాలో కనీసం 14 శాతం ముడి పీచు ఉండాలి, పైగా ఎండు గడ్డి ఎప్పుడూ ముందుండాలి. మన దగ్గర ఎండబెట్టిన దశరథ గడ్డి, పల్లి కట్టె, కంది పొట్టు దొరుకుతాయి, బూజు లేకుండా చూసుకుంటే ఇవన్నీ పనికొస్తాయి. పల్లి కట్టెకు బూజు పట్టే గుణం ఎక్కువ, వానకాలంలో దాన్ని వాసన చూడకుండా వేయకండి.

వేరు చేయడాన్ని ఐదు వారాలకు, వీలైతే ఆరుకు జరపండి. తల్లిని మరో చోటికి మార్చి పిల్లలను అదే కేజ్‌లో ఉంచండి. వేరు చేసిన తర్వాత మొదటి మూడు వారాలు దాణాను ఆకలి మేరకు కాకుండా దానిలో నాలుగింట మూడు వంతులే ఇచ్చి, ఎండుగడ్డి మాత్రం కావలసినంత వేయండి. ఫ్రాన్స్‌లో ఈ పద్ధతితో పాలు మానిన పిల్లల్లో కడుపు జబ్బుల మరణాలు తగ్గాయి.

జబ్బు పడిన పిల్లను ముందుగా వెచ్చగా ఉంచాలి. ఒంటి వేడి 38.5 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి, 38కి దిగిందంటే ఏ మందుకన్నా గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసా అత్యవసరం. ఓఆర్ఎస్ నీటిని కొద్దికొద్దిగా నోటి పక్క నుంచి అందించవచ్చు. కడుపు బిగిసి ఉబ్బి ఉంటే బలవంతంగా ఏదీ తినిపించవద్దు, కుందేలు వాంతి చేసుకోలేదు. చర్మం కింద ద్రవం ఎక్కించడం, నొప్పి తగ్గించే మందు ఇవ్వడం పశువైద్యశాలలో జరగాలి. దూరమైతే పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేసి అడగండి.

పరకాల పెంపకందారు:

అందరికీ కృతజ్ఞతలు. చర్చ మధ్యలోనే మరో రెండు పిల్లలు చనిపోతే రెండింటినీ వెంటనే పట్టుకెళ్లి కోసి చూపించాను. తలుపు వైపు వరుసలోని పిల్ల పెద్దపేగులో డాక్టర్ గారు చెప్పిన జిగురే నిండి ఉంది, కాలేయం శుభ్రంగా ఉంది, పేగు గీకి చూసినా క్రిమి దొరకలేదు. వెనుక గోడ వైపు, పైకప్పు కారి మెష్ తడిగా ఉండే వరుసలోని పిల్లకు పేగు నిండా కాక్సీడియా ఉంది, ఆ వరుస పెంటికల్లోనూ ఊసిస్టులు విపరీతంగా కనిపించాయి.

జమ్మికుంట రైతు:

అంటే నేను చెప్పినది సగమైనా నిజమే కదా. ఆ వెనుక వరుసకు మందు ముందే పడి ఉంటే ఆ పిల్లలు బతికేవి. వానకాలంలో పాలు మాన్పించే పిల్లలకు ఒక్క విడతైనా మందు ఇవ్వాలన్న నా అభిప్రాయాన్ని నేను మార్చుకోవడం లేదు.

హనుమకొండ పశువైద్యుడు:

వెనుక వరుసకు మందు తప్పకుండా ఇవ్వాలి, అక్కడ మన ఇద్దరికీ తేడా లేదు. కానీ షెడ్డు మొత్తానికి ఆంప్రోలియం పోసి ఉంటే ముందు వరుస పిల్లలు మక్కపిండితోనే చనిపోతూ ఉండేవి, మందు పనిచేయలేదని మోతాదు పెంచేవారు. పైకప్పు కారడం కూడా అలాగే ఉండిపోయేది. అప్పుడే బయటికి వచ్చిన ఊసిస్టు ఇంకా జబ్బు అంటించలేదు. తేమ, వెచ్చదనం దొరికితేనే రెండు మూడు రోజుల్లో అంటుకునే దశకు వస్తుంది, ఆ తడి మెష్ దానికి సరిపోయింది.

పరకాల పెంపకందారు గారూ, ఆ వరుసలోని పిల్లలను తూచి, మందును నీళ్లలో కాకుండా ఒక్కొక్కదానికి సిరంజితో నోటిలో పోయించండి. మోతాదు మీ కుందేళ్లను చూసిన వైద్యులు రాస్తారు. కేజ్‌లను బయటికి తీసి మరిగే నీళ్లతో గాని, ఫ్లేమ్ గన్‌తో గాని శుద్ధి చేసి, పూర్తిగా ఆరిన తర్వాతే తిరిగి పెట్టండి. ఫినాయిల్‌తో కడిగితే వాసన వస్తుంది గాని ఊసిస్టు చావదు. ముందు వరుసకు మక్కపిండిని రోజురోజుకూ కొంచెం తగ్గిస్తూ ఎండుగడ్డి పెంచండి, ఒక్కసారిగా మార్చవద్దు. వచ్చే ఈతలో పిల్లలను వేరు చేసిన వారానికి రెండు వరుసల పెంటికలూ విడివిడిగా పట్టుకెళ్లి లెక్క కట్టించి ఇక్కడ రాయండి. జమ్మికుంట రైతు గారు అడిగిన ఒక్క విడత మందు అవసరమా కాదా అన్నది అప్పుడు మీ షెడ్డు లెక్కతోనే మాట్లాడుకోవచ్చు.