అప్‌డేట్: 1200 బేస్ జతల డీఎన్ఏ లెక్క తేలింది

నేను అడిగిన ప్రశ్న ఇదీ: 1200 బేస్ జతలున్న రెండు పోగుల డీఎన్ఏలో ఒక పోగులోని బేసుల్లో అడినిన్ (ఎ) 22%, థయమిన్ (టి) 34%, గ్వానిన్ (జి) 18%, సైటోసిన్ (సి) 26%. మొత్తం అణువులో ఏది ఎంత? హైడ్రోజన్ బంధాలెన్ని?

తప్పు దొరికింది. ఛార్గాఫ్ సూత్రాన్ని (ఎ=టి, జి=సి) ఒక్క పోగుకే రుద్దాను. అది రెండు పోగులూ కలిపితేనే వర్తిస్తుంది. ఒక పోగులో 22, 34 వేర్వేరుగా ఉంటే కంగారు పడక్కర్లేదు.

మొదటి పోగులో ఎ 264, టి 408, జి 216, సి 312. ఎ ఎదుట టి, జి ఎదుట సి జతకడతాయి కాబట్టి ఎదురు పోగులో ఎ 408, టి 264, జి 312, సి 216. కలిపితే ఎ, టి చెరి 672; జి, సి చెరి 528. ఇక్కడే రెండో గుంత: శాతం కట్టేటప్పుడు 1200తో కాదు, 2400తో భాగించాలి. జతలు వేరు, బేసులు వేరు కదా! 28%, 22% వస్తాయి. అడ్డదారి కావాలంటే (22+34)/2 = 28, అంతే.

బంధాలకు మాత్రం జతలే లెక్క (ఎ-టి జతకు రెండు, జి-సి జతకు మూడు): 672×2 + 528×3 = 2928.

సరిచూసుకోవడానికి, జి+సి శాతం ఒక పోగులోనూ మొత్తంలోనూ ఒకటే రావాలి; ఇక్కడ రెండుచోట్లా 44. ఎ+జి 50% అన్న పరీక్ష మొత్తానికే పనికొస్తుంది, ఒక్క పోగులో 40 వచ్చింది చూడండి.

మొత్తం అణువులోనే ఎ, టి సమానం కాకపోతే? అది ఒంటిపోగు డీఎన్ఏ అన్నమాట, ఫై ఎక్స్ 174 వైరస్‌లోలాగా.