1909లో ప్రీస్టు, 1912లో బిషప్: అజరయ్య గారు మూడేళ్లలో ఎలా అయ్యారు?

తిరుపతి స్టూడెంట్:
నమస్తే అండీ. ఎంఏ హిస్టరీ చదువుతున్నాను, వచ్చే వారం నా సెమినార్. టాపిక్ దోర్నకల్ బిషప్ అజరయ్య గారు. 1909లో ప్రీస్టు (చర్చి అయ్యగారు) అయ్యారు, 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం జరిగింది. తెల్లదొరల కాలంలో ఒక భారతీయుడికి మూడేళ్లలో అంత పదవి ఎలా వచ్చింది? పైగా మా వీధి చివర చర్చి అయ్యగారికీ బిషప్‌కీ తేడా ఏంటో కూడా నాకు సరిగ్గా తెలియదు. టెన్షన్‌గా ఉంది, కాస్త చెప్పండి.

చిత్తూరు అన్న:
తమ్ముడూ, లెక్క 1909 నుంచి మొదలుపెడితే తప్పుదారి పడతావు. 1895 నుంచే ఆయన వైఎంసీఏ (క్రైస్తవ యువకుల సంఘం) కార్యదర్శిగా దక్షిణాదంతా తిరిగారు, 1903లో తిరునెల్వేలి మిషనరీ సంఘం పెట్టడంలో ముందున్నారు, డబ్బూ మనవాళ్లదే, మనుషులూ మనవాళ్లే. ఆ సంఘం పనికే దోర్నకల్ వచ్చారు. తమిళాయన, మన తెలుగు నేర్చుకుని పల్లెల్లో మాట్లాడారు. మద్రాసు బిషప్ వైట్‌హెడ్ గట్టిగా వెనకుండి నడిపించారు, మిషనరీల్లో వద్దన్నవాళ్లూ ఉన్నారు.

తేడా అంటావా, ఆయన ఉన్న ఆంగ్లికన్ చర్చిలో, అంటే ఇంగ్లండ్ చర్చి సంప్రదాయంలో, మెట్లు మూడు: డీకన్ (ప్రీస్టు కింది మెట్టు), ప్రీస్టు, బిషప్. ఆర్చ్‌డీకన్ అని చదివితే అది నాలుగో మెట్టు అనుకోకు, బిషప్ తరఫున పరిపాలన చూసే ప్రీస్టు. అయ్యగారు ఒక సంఘాన్ని చూసుకుంటారు, బిషప్ ఆ ప్రాంతంలోని సంఘాలన్నిటినీ. కొత్త అయ్యగార్లకు తల మీద చేతులుంచి అభిషేకం చేసేది, పిల్లలకు కన్ఫర్మేషన్ (బాప్తిస్మం తర్వాత విశ్వాసాన్ని స్థిరపరిచే ఆచారం) ఇచ్చేది బిషపే. మా చిత్తూరు వైపు పనిచేసింది అమెరికా వాళ్ల ఆర్కాట్ మిషన్, వాళ్లలో బిషప్పులు లేరు. 1947 సెప్టెంబర్ 27న ఆంగ్లికన్లు, మెథడిస్టులు, మరికొన్ని ప్రొటెస్టంట్ చర్చిలవాళ్లు కలిసి సీఎస్‌ఐ (దక్షిణ భారత సంఘం) అయ్యాకే మాకూ బిషప్ వచ్చారు. ఆ కలయిక కోసం 1919 తరంగంబాడి సమావేశం నుంచీ పాటుపడిన అజరయ్య గారు దాన్ని చూడకుండానే 1945 జనవరి 1న పోయారు, నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

రైలు ప్రయాణం:
నేను రైల్లో దోర్నకల్ వెళ్లొచ్చాను. 1939లో ప్రతిష్ఠించిన ఆ కెథెడ్రల్ ముందు నిలబడితే గుమ్మటాలు మసీదును గుర్తు చేస్తాయి, లోపలికెళ్తే స్తంభాలు గుడి మండపంలా ఉంటాయి. ఆయన ఎలాంటి బిషప్పో ఆ కట్టడం చూస్తేనే అర్థమైంది నాకు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సమావేశంలో ఆయన చేసిన ప్రసంగం కూడా తప్పకుండా చెప్పు. మీరు పేదలకు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితుల్ని ఇవ్వండి అని మిషనరీల ముఖం మీదే అడిగారు. అప్పటికి ఆయన బిషప్ కూడా కాదు.

తిరుపతి స్టూడెంట్:
చాలా థ్యాంక్స్ అన్నా, ఇద్దరికీ. 1895 నుంచే మొదలుపెడతాను. ఎడిన్‌బరో మాట చెప్పి, తర్వాతే కలకత్తా అభిషేకానికి వస్తాను.